నోరు తెరిపించిన బిరడా

నేను ఒక బిరడాను. సీసా మూతిలో దూరి కూర్చునే జాతి మాది; నోళ్లు మూయించడం మా కులవృత్తి. ఇంగ్లీషులో నా పేరు కార్క్. తెలుగునేల మీద అడుగు పెట్టగానే కార్కు అయ్యాను. చివర తగిలించిన ఆ కొమ్మును కాస్త గుర్తుంచుకోండి. ముందు ముందు పొడుస్తుంది.

పుట్టింది పోర్చుగల్‌లో, ఒక చెట్టు బెరడుగా. బెరడు బిరడా కావడానికి పెద్ద ప్రయాసేమీ లేదు, అక్షరాలు కొంచెం ఒళ్లు విరుచుకుంటే చాలు. తొమ్మిదేళ్లకోసారి మా చెట్టుకు చర్మం ఒలుస్తారు. అది చావదు, ఇంకో చర్మం తొడుక్కుంటుంది. ఆ మొండితనం నాకూ వచ్చింది.

ఓడెక్కి, చేతులు మారి, మాచర్లలో ఒక హోమియో డాక్టరుగారి బీరువాలో తేలాను. అక్కడ నూట పది రకాల జబ్బులు విన్నాను. జబ్బులు వేరు, మాత్రలు మాత్రం ఒకటే తెలుపు. రోగి గంటసేపు చెప్పుకునేవాడు, డాక్టరుగారు ఒక్క ముక్క అనేవారు: "కాఫీ మానెయ్యండి." రోగి రోగం మానుకునేవాడేమో గానీ కాఫీ మానేవాడు కాదు.

అక్కడి నుంచి ఒక దగ్గుమందు సీసాతో పాటు ఇశ్రాయేలు మాస్టారి ఇంటికి చేరాను. నలభై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. మందు అయిపోయింది, దగ్గూ అయిపోయింది. సీసా పాతసామాన్లవాడికి పోయింది. నన్ను మాత్రం సొరుగులో పడేశారు. మాస్టారు పారేసిన వస్తువును నేనింతవరకు చూడలేదు.

మాస్టారి ఊరు విజయపురి, సాగర్ గట్టున. అక్కడి రేవు నుంచే నాగార్జునకొండకు లాంచీలు వెళ్తాయి. డ్యామ్ కట్టి లోయ మునిగిపోయేటప్పుడు, తవ్వి తీసిన బౌద్ధ శిల్పాలను కొండ మీదికి మోసి అక్కడ మ్యూజియం పెట్టారు. చుట్టూ నీళ్లు నిండి కొండ కాస్తా దీవి అయింది. ఆ రేవులో పదకొండేళ్లుగా టిక్కెట్లు చించుతున్న మనిషి సైదమ్మ. ఆమె భర్త ఏడుకొండలు లాంచీ నడుపుతాడు. పేరుకు ఏడుకొండలు, వెళ్లొచ్చేది మాత్రం రోజూ ఒక్క కొండకే.

సైదమ్మకు గైడు కావాలని కోరిక. సెలవు రోజుల్లో భర్త లాంచీలోనే కొండెక్కి, గైడు వెనకాలే తిరిగి, ఆ రాళ్ల కథంతా ఇంగ్లీషులో కంఠతా పట్టింది. పోయినేడు ఉద్యోగానికి పరీక్ష పెట్టారు; ఆ రోజు వచ్చిన యాత్రికులకే చూపించి చెప్పాలి. ఆమె ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. అంతా అయ్యాక ఒక తెల్లదొరసాని ఏడుకొండల్ని పక్కకు పిలిచి, ఇంగ్లీషులో చెప్పే గైడు ఎప్పుడొస్తారని అడిగింది. ఆ మాట పెళ్లానికి చెప్పకుండా ఉంటే సరిపోయేది. చెప్పాడు. ఉద్యోగానికి ముప్ఫై అయిదేళ్ల వయసు హద్దు. సైదమ్మకు ముప్ఫై నాలుగు నిండాయి. ఇక మిగిలింది ఈ ఒక్క ఏడే.

అందుకే మాస్టారి వరండాలోకి వచ్చి నిలబడింది.

"ఏదీ, ఒకసారి చెప్పమ్మా," అన్నారు మాస్టారు.

సైదమ్మ కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఇక్ష్వాకుల నుంచి డ్యామ్ దాకా పదిహేడొందల ఏళ్లను నాలుగు నిమిషాల్లో దాటించింది. పళ్లు మాత్రం ఒకదాన్నొకటి వదల్లేదు.

"నీకు ఇంగ్లీషు రాకపోవడమేం లేదు," అన్నారు మాస్టారు. "నోట్లోంచి బయటికి రావడం లేదు, అంతే. నీకు రెండు జబ్బులు. ఒకటి, దవడ తెరవవు. రెండోది, ప్రతి మాటకూ కొమ్ము తగిలిస్తున్నావు. టెంపులు, స్టోను, స్టెప్పు. మాటలన్నీ పశువుల సంతలాగా ఉన్నాయి."

అది సైదమ్మ ఒక్కదాని జబ్బు కాదు. తెలుగువాడు ఇంటికొచ్చిన చుట్టాన్ని పెరుగన్నం పెట్టకుండా పంపడు, నోటికొచ్చిన పరాయి మాటను ఉకారం పెట్టకుండా వదలడు. బస్ వస్తే బస్సు, పైప్ వస్తే పైపు. అది మర్యాద. కాకపోతే ఇంగ్లీషు మాట మరీ మొహమాటస్తురాలు, వద్దన్నా వడ్డిస్తే ముఖం మారిపోతుంది.

మాస్టారు సొరుగు తీసి, నన్ను పట్టుకుని, మరిగే నీళ్లలో వేశారు. హోమియో సీసాలో ఎన్నేళ్లున్నా ఇంత వైద్యం ఎరగను. తరువాత సైదమ్మ చేతిలో పెట్టారు.

"ముందు పళ్ల మధ్య నిలబెట్టి పట్టుకుని చెప్పు."

"నోరు మూసే దాంతో నోరు తెరుస్తారా సారూ?"

"ముల్లును ముల్లుతోనే గదమ్మా తీసేది."

అలా, మూతులు మూసి బతికిన నేను మొదటిసారి ఒక నోటికి గుంజనయ్యాను. నేను అడ్డం ఉంటే దవడ మూతపడదు. పాపం నాలుకా పెదవులూ రెట్టింపు చాకిరీ చేస్తే తప్ప మాట గట్టెక్కదు. తీరా నన్ను తీసేశాక నాలుక కాడి దింపిన ఎద్దులా చులాగ్గా తిరుగుతుంది. చెప్పుకోవడానికి ఇది శాస్త్రం, చూడడానికి మాత్రం చొంగ. మొదటి వారం నేను సగం మునిగే ఉన్నాను.

ఇంట్లో పొయ్యి దగ్గర కూడా నన్ను పళ్ల మధ్య పెట్టుకునే వల్లె వేసేది. పక్కింటి పిచ్చమ్మత్త చూసి, పంటినొప్పి అనుకుని, గుప్పెడు లవంగాలు తెచ్చిచ్చింది. ఏడుకొండలికి పండగ.

"మాస్టారు మా ఆవిడకి బిరడా పెట్టారంట," అని రేవంతా చాటాడు. "పన్నెండేళ్ల నుంచి నావల్ల గాలేదు, ఆయనకి ఒక్క పూటలో అయిపోయింది."

రెండో జబ్బుకు మందు, మాట ముగిసే చోట నన్ను గట్టిగా కొరికి ఆగడం. టెంపుల్, స్టోన్, స్టెప్. కొమ్ములు ఒక్కొక్కటే రాలాయి. ఆ కోత ఇంగ్లీషుతో ఆగితే బాగుండేది. ఒకనాడు అన్నం వడ్డిస్తూ, "పప్ప్ వెయ్యమంటావా, చార్ పొయ్యమంటావా?" అన్నది.

ఏడుకొండలు చెయ్యి ఆపాడు. "ఆ కొమ్ము తగిలించి పెట్టవే, తల్లీ. లేకపోతే గొంతు దిగట్లా."

నెల తిరిగేసరికి నా ఒంటి మీద నాలుగు పంటి గాట్లు పడ్డాయి. సైదమ్మ మాటకు గుండ్రటి అంచు వచ్చింది. మాస్టారు వరండా చివర నిలబడి వింటే ప్రతి ముక్కా అక్కడికి చేరింది.

పరీక్ష రోజు లాంచీ వెనకభాగంలో, నన్ను నోట్లో పెట్టుకుని చివరిసారి వల్లె వేసుకుంటుండగా, మార్కులు వేసే శ్రీధరమూర్తిగారు హఠాత్తుగా ఎదురొచ్చారు. తీసే సమయం లేదు. అలాగే, "నమస్కారమండీ, గాలి బాగా వస్తున్నది గదా," అనేసింది. ఆయన "అవునమ్మా, బావుంది," అని వెళ్లిపోయారు. నేను నోట్లో ఉన్న సంగతే కనిపెట్టలేదు. నా జీవితంలో అంత గర్వపడ్డ క్షణం ఇంకోటి లేదు.

ఆ రోజు వచ్చినవాళ్లు జపాన్ నుంచి వచ్చిన పద్దెనిమిది మంది బౌద్ధ యాత్రికులు, అందరూ పెద్దవాళ్లు. వాళ్ల దుబాసి లాంచీ ఎక్కగానే కళ్లు తిరిగి రేవులోనే దిగిపోయాడు. ఇక వాళ్లకూ రాళ్లకూ మధ్య ఉన్నది సైదమ్మ ఒక్కతే. నేను ఆమె గుప్పిట్లో ఉన్నాను.

సైదమ్మ మొదలుపెట్టింది. ఒక్క మాటకు కొమ్ము లేదు. మూర్తిగారి కలం హాయిగా నడుస్తున్నది; ఆయన కాగితం మీద ఉచ్చారణకు నలభై మార్కులు. యాత్రికులు ప్రతి వాక్యానికీ తలలు వంచుతున్నారు.

అయితే పదకొండేళ్లు టిక్కెట్లు చించిన మనిషికి కాగితాలకన్నా మనుషులు బాగా తెలుస్తారు. ఎడమవైపు వెళ్లండి అంటే తలూపి కుడివైపు నడిచినవాళ్లను ఆమె కొన్ని వేలమందిని చూసింది. అర్థమైనవాళ్లు చూపించిన వస్తువును చూస్తారు. కానివాళ్లు చూపించే వేలిని చూసి, మర్యాదగా నవ్వుతారు. ఇక్కడ పద్దెనిమిది జతల కళ్లూ ఆమె వేలి మీదే ఉన్నాయి. గుప్పిట్లో నాకు చెమట తగిలింది.

అప్పుడొక ముసలాయన మెల్లగా చెయ్యెత్తి, రేవువైపు చూపిస్తూ అడిగాడు: "గురూపు... బస్సు... స్టోప్పు?"

నేను ఉలిక్కిపడ్డాను. ఎక్కడో సముద్రాల అవతల నుంచి వచ్చిన మనిషి నోట అన్నీ కొమ్ములే. వీళ్లూ చుట్టానికి వడ్డించి పంపే బాపతే.

సైదమ్మ మూర్తిగారి కలం వంక చూసింది. కొమ్ము తగిలిస్తే నలభైలో ఎన్ని ఊడతాయో ఆమెకు తెలుసు. మళ్లీ ఏడు లేదనీ తెలుసు. బుద్ధుని పాదాలు చెక్కిన రాయి ముందు ఒక ముసలమ్మ నిలబడి, అదేమిటో తెలియక, ఈమె ముఖంలోకే చూస్తున్నది.

సైదమ్మ నన్ను సంచిలో వేసేసింది.

"గ్రూపు," అన్నది, నోరంతా తెరిచి, తీరిగ్గా. "బస్సు, స్టాపు," అని చెయ్యి చాపింది. పద్దెనిమిది తలలూ రేవువైపు తిరిగాయి. "మ్యాపు," అని నేల మీద వేలితో లోయ గీసింది. రెండు చేతులతో నీళ్లు పైకి తెచ్చింది. రాయిని వీపు మీద మోసినట్టు వంగి నాలుగడుగులు వేసింది. ఒక్కొక్క మాటే, విడివిడిగా, చివర కొమ్ముతో. అది నేను నేర్పిన దవడే, కొమ్ములు మాత్రం ఆమె సొంతం.

ముసలమ్మ ఆ పాదాలను చూసింది. తరువాత కిటికీ దగ్గరకు నడిచి, కింద నీళ్లను చాలాసేపు చూసి, అక్కడే చేతులు జోడించింది. ఆ వెనక ప్రశ్నలు మొదలయ్యాయి. ఎంత లోతు, ఎవరు మోశారు, కింద ఇంకా ఏమైనా మిగిలాయా. అన్నిటికీ కొమ్ములున్నాయి, అన్నిటికీ జవాబులు దొరికాయి.

తిరిగి వస్తుంటే మూర్తిగారు అడిగారు. "మొదట అంత చక్కగా పలికావు. మధ్యలో మళ్లీ పాతపాటేనా?"

"నోరు నాదే గానీ చెవి వాళ్లది గదా సారూ. ఏ చెవికి తగ్గ దుద్దు ఆ చెవికి పెట్టాల," అన్నది సైదమ్మ. తరువాత లాంచీ దిగేదాకా గోళ్లు కొరుకుతూ కూర్చుంది. నన్ను కొరికినా సరిపోయేది.

దిగేటప్పుడు సంచిలోంచి నేను జారిపడ్డాను. ముసలాయన నన్ను ఏరి, నవ్వుతూ అందించి, "కొరుకు," అన్నాడు. సైదమ్మ నోరెళ్లబెట్టింది, ఈయనకెట్టా తెలిసిందని. తరువాత మాస్టారు చెప్పారు, వాళ్ల భాషలో నా పేరే అదట.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. ఉచ్చారణకు నలభైకి ఇరవై రెండే. దాని కింద మూర్తిగారి చేతిరాత: "అతిథులు తొమ్మిది ప్రశ్నలు అడిగారు. ఇంతకుముందు ఎవరినీ ఒక్కటీ అడగలేదు. ఈమెను తీసుకోవచ్చు." ఏడుకొండలు ఆ ఉత్తరం రేవులో అందరికీ చదివి వినిపించాడు, బిరడా సంగతి చాటిన గొంతుతోనే.

నన్ను తిరిగివ్వబోతే మాస్టారు తీసుకోలేదు. అప్పటికే ఒకసారి లాంచీ తాళంచెవిని సాగర్‌లో పారేసుకున్న ఏడుకొండలు, నా నడుముకు బెజ్జం వేసి, కొత్త తాళంచెవికి కట్టాడు. నీళ్లలో పడితే తేల్చాలి, ఇప్పుడు నా ఉద్యోగం అదీ. మొత్తానికి పనికొచ్చేదెవరో తేలింది.

పాతవస్తువులు చివరికి మ్యూజియం చేరతాయంటారు. నేను రోజుకు నాలుగుసార్లు చేరి, గుమ్మందాకా వచ్చి, తిరిగి వస్తాను. లోపల రాళ్లు పదిహేడొందల ఏళ్లుగా నోరు మెదపకుండా కూర్చున్నాయి. ఏ భాష వచ్చినా, ఏ భాష పోయినా వాటికి బాధ లేదు. వాటి తరఫున సైదమ్మ మాట్లాడుతుంది. దొరలొస్తే కొమ్ములు దించి, జపాన్ వాళ్లొస్తే కొమ్ములు ఎత్తి, మాచర్ల బడిపిల్లలొస్తే నోరంతా తెలుగు చేసుకుని. గాలి ఇటు తిరిగినప్పుడు ఆ గొంతు లాంచీ దాకా వినిపిస్తుంది, ఒక్క ముక్క పోకుండా.

అప్పుడు నా నాలుగు గాట్లూ కొంచెం సలుపుతాయి. నొప్పి కాదు లెండి.