పెళ్లిలో దాచేసిన అనాస డ్రింకు

నేను ఒక గాజు సీసాను. ఇప్పుడు పాత సామాన్ల కొట్టు వెనక పెంకుల మధ్య పడి ఉన్నాను గానీ, ఒకప్పుడు నా ఒంటి మీద అనాసపండు బొమ్మ, దాని కింద 'హైమ అనాస డ్రింకు' అని ఎర్రటి అక్షరాలు ఉండేవి. పాలకొండలో గేదెల అప్పలసూరి గారు చిన్న షెడ్డు వేసి, కూతురు పేరు పెట్టి మమ్మల్ని బజారులోకి దించారు. సీతంపేట కొండల మీంచి సవర రైతులు పండ్లు తెచ్చేవారు. ఆయన భార్య నీలవేణమ్మ దగ్గరుండి రసం తీయించేది. సినిమా ఇంటర్వెల్లో జనం మా కోసం తోసుకునేవారు. తాగడం అయ్యాక మమ్మల్ని తలకిందులు చేసి మరీ చూసేవారు. మనుషుల ప్రేమ అంతే, ఆఖరి చుక్క దాకానే.

తరవాత పెద్ద కంపెనీల డ్రింకులు వచ్చాయి. ధరలో వాటికి దీటుగా నిలవలేక అప్పలసూరి గారు పండు కొనడం మానేశారు. నీళ్లలో పంచదార, పసుపు రంగు, ఎసెన్సు కలిపించారు. ఏది పోసినా మోయడమే నా పని. అయినా ఒంటి మీద ఆ బొమ్మతో కొట్లో నిలబడాలంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. విజయనగరం హాస్టల్లో ఉండి చదువుకునే హైమకి ఈ సంగతి తెలియదు.

ఆమె పెళ్లికి ఆయన కంపెనీ డ్రింకులే తెప్పించారు. ఇంట్లో నిలవున్న మమ్మల్ని కూతురి కంట పడకుండా వంటపాక వెనక గోనెపట్టాల కింద దాచారు. పీటల మీంచి లేచిన హైమ అటూ ఇటూ చూసింది.

"నాన్నా, మనదేదీ? నా పేరెట్టి, నా పెళ్లికే నేకుండా సేసినావేటి?"

"అయిపోనాయమ్మా," అన్నారాయన.

అది విన్న మేనత్త వంటపాక వైపు పరిగెత్తింది. "ఎక్కడయిపోనాయే? గోనెల కింద బోల్డున్నాయి!" అంటూ నన్ను తెచ్చి హైమ చేతిలో పెట్టింది.

హైమ ఒక గుక్క తాగి ఆగింది. తండ్రి వైపు చూసింది. వియ్యాలవారంతా చూస్తుండగా మిగిలినదీ తాగేసింది.

"బాగుంది నాన్నా," అంది.

తిట్టినా ఆయన అంత కుంగిపోయేవారు కాదేమో. అప్పగింతల దాకా తల ఎత్తలేదు.

ఆ మర్నాడే ఎసెన్సు డబ్బాలన్నీ కాలవలో ఒంపించారు. "ఉన్నదీ పోతాది, మీ ఇష్టం," అంది నీలవేణమ్మ. అనాసలు దిగే కాలం రాగానే మాత్రం కొంగు బిగించి రసం దగ్గర నిలబడింది. షెడ్డుకి తిరిగొచ్చిన మమ్మల్ని కడిగి, మళ్లీ పండుతో నింపారు. ఎసెన్సు రుచి మరిగిన జనం మాత్రం 'ఇదేటి, పుల్లగుంది' అన్నారు. ఆ ఏడే షెడ్డు మూతపడింది.

మూసే ముందు ఆయన ఒక పెట్టె తానే మోసుకుని, బస్సెక్కి, శ్రీకాకుళంలో ఉన్న కూతురింటికి వెళ్లారు. ఆ పెట్టెలో నేనూ ఉన్నాను. గుమ్మంలోనే నా మూత తీసి ఆమెకిచ్చి, మొహం వీధి వైపు తిప్పుకున్నారు.

హైమ తాగింది. ఈసారి బాగుందని అనలేదు.

"ఇటు తిరుగు నాన్నా. ఇంకోటి తియ్యి."

రెండో సీసా మూత తీయడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.