కమలమ్మ లేచిన ఎత్తు

జహీరాబాద్‌లో రేడియో కొనేవాళ్లు దాన్ని ముందు కమలమ్మ వంటింటికి పట్టుకొచ్చేవారు. ఆమె జొన్నరొట్టెలు తడుతూ వినేది. పాట నిండుగా పలికితే పీట మీంచి గాలిలోకి లేచేది. జాన లేస్తే ఇంటికి చాలు, మూర లేస్తే పెళ్లిపందిరికి కూడా పనికొస్తుందని లెక్క. ఆమె పైనున్నంతసేపు పెనం మీది రొట్టెను ఇంకెవరో తిప్పాలి, అంతే. కంపెనీ కాగితాన్ని నమ్మనివాళ్లు కూడా కమలమ్మ పీటను నమ్మేవారు.

రేడియోలు బాగుచేసే ఆమె భర్త రేవణసిద్ధప్ప పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో పోయాడు. ఆ తర్వాత రెండేళ్లుగా కమలమ్మ వేలెడు కూడా లేవలేదు. దుకాణం నడుపుతున్న శిష్యుడు ఖాజా పెద్ద స్పీకర్లు తెచ్చాడు, రంగుల టీవీ తెచ్చి ఆమె ఇంట్లోనే పెట్టాడు. అన్నిటికీ "మంచిగనే ఉన్నది" అని ఆమె కూర్చున్నచోటే కూర్చుంది. ఇక్కడ నాకింక పనేమున్నదని చివరికి రాయికోడ్‌లో ఉన్న తమ్ముడికి కబురు పెట్టింది. తమ్ముడు సదాశివ వచ్చి ట్రంకుపెట్టెకు తాడు కట్టాడు. నాలుగు గంటల బస్సుకు ప్రయాణం. ఖాజా దుకాణం వెనక నిలబడి, కన్నతల్లి పోతున్నట్టే ఏడ్చాడు.

మధ్యాహ్నం ముఖం కడుక్కొని, ఒక చిన్న కంప్యూటర్‌ను చంకలో పెట్టుకొని వచ్చాడు. బొంబాయి వ్యాపారి వారంపాటు చూడమని పంపింది అది. నచ్చకపోతే వాపస్.

"అమ్మా, పోయేముందు జర ఇది విను. ఇంట్ల పాటలకు, సినిమాలకు పనికొస్తదో రాదో నువ్వే చెప్పాలె."

"నాతోని ఏమైతది ఖాజా? ఆ దినాలు పోయినయి."

"ఒక్కసారి అమ్మా."

టీవీకి తీగ తగిలించాడు. తెరమీద బొమ్మ రాలేదు, అంకెలు వచ్చి వరసగా నిలబడ్డాయి. ఒక్కో స్వరానికి ఒక్కో అంకె. అంతకుముందు మూడు రోజులు కూర్చుని అన్నీ తనే మీటలు నొక్కి ఎక్కించాడు.

"సినిమా ఏది?" అన్నాడు సదాశివ.

"రాదు మామా. గింతే."

కంప్యూటర్ పీ, పీ అని ఒక్కో స్వరమే పలికింది. జాతరలో అమ్మే బూర నయం. అయినా ఆ వరస కమలమ్మకు తెలుసు. రేవణసిద్ధప్ప తీగలు అతికిస్తూ వేసే ఈల అది. మధ్యలో ఆయన ఎప్పుడూ ఒక స్వరం తప్పేవాడు, ఆమె వంటింట్లోంచి దిద్దేది. పాతికేళ్లు దిద్దినా ఆయనకు రాలేదు. ఖాజా ఆ వరస నేర్చుకున్నది ఆయన దగ్గరే కాబట్టి, కంప్యూటర్ కూడా సరిగ్గా అక్కడే తప్పింది.

"అక్కడ తప్పు" అంది కమలమ్మ, అలవాటుగా.

ఆ మాట అనేసరికి పీట ఖాళీ అయింది. జాన దాటింది, మూర దాటింది. ఆమె తలకు తగలకుండా సదాశివ దూలానికి వేలాడే ఉల్లిగడ్డల బుట్టను పక్కకు జరిపాడు. ఆమె కన్నీళ్లు గచ్చుమీద పడుతున్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. ఖాజా మళ్లీ మళ్లీ అదే వినిపించాడు.

కమలమ్మ పైనుంచే తీర్పు చెప్పింది. "పాటలకు పనికిరాదు ఖాజా. సినిమా ముచ్చటే లేదు."

"అయితే వాపస్ పంపనా?"

"పంపకు."

"అక్కా, బస్సుకు యాళ్లయితుంది" అన్నాడు సదాశివ.

"నువ్వు పో తమ్మీ. నేను రాను."

ఖాజా మీటల మీద వేళ్లు పెట్టి అడిగాడు. "మరి ఆ తప్పు సక్కగ చెయ్యనా అమ్మా?"

"దాన్ని ముట్టకు" అంది కమలమ్మ.

సదాశివ ట్రంకుపెట్టె తాడు విప్పేసి, ఒక్కడే పోయి బస్సెక్కాడు.