జవాబు చెప్పేదాకా

పొద్దున ఆరున్నర కాగానే కోడలు వంటింటి బల్ల మీద టేప్‌రికార్డర్ పెట్టుకుని పాఠానికి కూర్చునేది. కాలేజీలో చరిత్ర చెప్పే మనిషి, నలభై రెండేళ్ళ వయసులో మళ్ళీ అక్షరాలు దిద్దాల్సి వచ్చింది. ఎక్కడో దూరదేశపు నది మీద పడవలు నడిపినవాళ్ళు అధికారులకి పెట్టుకున్న పాత అర్జీల మీద ఆవిడ పరిశోధన. అవి బోస్నియన్, క్రొయేషియన్, సెర్బియన్ భాషల్లో ఉన్నాయి. అవి మూడు భాషలా, ఒకటేనా అని ఎవరైనా అడిగితే, అక్కడివాళ్ళే ఇంకా తేల్చుకోలేదనీ, తనకి మాత్రం ఒక్కటీ రాలేదనీ చెప్పేది.

టేపులో ముగ్గురుంటారు. ఒకే ప్రశ్నని ఎవరి తీరులో వాళ్ళు అడిగి, జవాబు కోసం ఆగుతారు. కోడలు జవాబు చెప్పేదాకా ఆ ఇంట్లో ఉడికేది ఉడకదు, కారేది కారదు, పడేది పడదు. పాలు పొంగబోయి గిన్నె అంచున నిలబడతాయి. గోడ గడియారం ఊరుకుంటుంది. మనుషులు మాత్రం తమ పనులు చేసుకుంటూ ఉంటారు. గుమ్మం దాటితే ఇదేమీ ఉండదు, పక్కింటి కుక్కర్ దాని కూతలు అది కూస్తూనే ఉంటుంది.

అత్తగారికి ఈ చదువులో నచ్చింది ఇదొక్కటే. ఒక్కో ప్రశ్నకి ఆవిడ కూరలు తరిగి, జడ వేసుకుని, పేపర్లో చావు కబుర్లు కూడా చదివేసేది. కోడలు టక్కున జవాబు చెప్పిందంటే మూతి ముడుచుకుని, అంత తొందరెందుకు, పొయ్యి మీద పాలున్నాయి కదా అనేది. ఎటొచ్చీ ముందుగదిలో వాచీలు బాగుచేసే కోడలి మొగుడికే తంటా. ఆయన దగ్గరున్న వాచీలన్నీ రోజూ పావుగంట వెనకబడేవి. మా ఆవిడకి చదువు వచ్చేస్తే అన్నీ సర్దుకుంటాయని వచ్చినవాళ్ళకి నచ్చచెప్పి పంపేవాడు.

ఆ చలిదేశం రప్పించుకుని ఆ అర్జీలు చూడనివ్వాలంటే ముందు ఫోన్లో పరీక్ష గట్టెక్కాలి. ఐదు ప్రశ్నలు, ఐదూ చెప్పాలి. పది లెక్కపెట్టేలోగా నోరు విప్పకపోతే ఆ ప్రశ్న పోయినట్టే. పరీక్ష తప్పితే ఆ పని ఇంకో కాలేజీ ఆయనకి వెళ్ళిపోతుంది. ఆయన అప్పుడే ఉన్ని కోటు కుట్టించుకున్నాడని కబురు.

పరీక్ష రోజు పదకొండింటికి ఫోన్ మోగింది. అడిగేది ఆ దేశపు పెద్దావిడ, వేరే ఊళ్ళో ఉంటుంది. నాలుగు ప్రశ్నలు మంచినీళ్ళప్రాయంగా అయిపోయాయి. ఐదోది, మీ ఇంట్లో ఎవరెవరున్నారు అని. అది కోడలికి నిద్రలో లేపి అడిగినా వచ్చు.

సరిగ్గా అప్పుడే, అటక మీది పెద్ద గిన్నె కోసం స్టూలెక్కిన అత్తగారికి కాలు జారింది. వెల్లకిలా పడుతూ, గిన్నెతో సహా, నేలకి మూరెడెత్తున ఆగిపోయింది. పోయినేడే ఆవిడ తుంటిలో రాడ్ వేశారు. ఇంకోసారి పడితే ఇక మంచమేనని డాక్టరు చెప్పాడు.

కోడలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అవతల పెద్దావిడ లెక్కపెడుతోంది. మూడు, నాలుగు, ఐదు. ఇన్నాళ్ళ కష్టం కళ్ళముందే పోతుంటే కోడలికి ఏడుపు ముంచుకొచ్చింది. అయినా పెదవి విప్పలేదు.

"పరుపు తీసుకురారా," అంది అత్తగారు గాల్లోంచే, కొడుకుని పిలిచి. ఆయన పరుపు ఈడ్చుకొచ్చాడు. దాని మీద కొత్త దుప్పటి ఉందని, తన ఒంటినిండా అటక దుమ్మని, అది తీసి పాతది వేయించింది. అంతా అయ్యాక, "ఇక చెప్పమ్మాయ్," అంది.

కోడలు జవాబు చెప్పింది. అత్తగారు మెత్తగా పరుపు మీద పడింది. గిన్నె మాత్రం కొడుకు కాలి మీద పడింది.

సమయం ఎప్పుడో అయిపోయిందనీ, ఇంతసేపూ ఎందుకు మాట్లాడలేదనీ పెద్దావిడ తన భాషలోనే అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు ఏ పాఠంలోనూ లేదు. కోడలు తనకొచ్చిన మాటలన్నీ కూడబలుక్కుంది.

"అత్తగారు గాల్లో. నేను మాట్లాడితే అత్తగారు కింద. మా ఆయన, పరుపు. ఇప్పుడు అత్తగారు పరుపు మీద. బాగుంది."

పెద్దావిడ వెంటనే అడిగింది.

"ఆవిడకి దెబ్బ తగల్లేదు కదా?"

"లేదు."

"ఐదో ప్రశ్నకి సున్నా, రూలు రూలే," అంది పెద్దావిడ. "కానీ టేపు పాఠాలు అప్పజెప్పేవాళ్ళని రోజూ వింటూనే ఉన్నాను. తన ఇంట్లో ఏం జరిగిందో ఈ భాషలో నాకు చెప్పింది మీరొక్కరే. ఆ అర్జీల్లో ఉన్నదీ అదే, వాళ్ళ ఇళ్ళ గోడు. వచ్చే నెల బయల్దేరండి."

ఫోన్ పెట్టేసి కోడలు పరుపు పక్కన కూలబడి, ఆపుకోలేక ఏడ్చేసింది. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నా గురించి ఆవిడకి ఏం చెప్పావు?"

"గాల్లో ఉన్నారని చెప్పాను, అత్తయ్యా."

"జవాబు తెలిసి కూడా నా కోసం చెప్పకుండా ఊరుకున్నావు. అది చెప్పావా?"

"అవన్నీ చెప్పేంత మాటలు నాకింకా రావు."

అత్తగారు రెండో చేత్తో ఒంటి మీది అటక దుమ్ము దులుపుకుంది. "అయితే వెళ్ళి నేర్చుకునిరా, అమ్మాయ్," అంది.