ఈగల ఎంగిలి

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు. అత్తగారికి మాత్రం ఈగల మోతే పల్లకీల మోత. పశువుల నెత్తురు తాగి జబ్బు అంటించే ఈగలను పరిశోధనశాలలో పెంచి, మగవాటిని సంతానం కలగకుండా చేసి మేత పొలాల్లో వదిలితే, ఆ జాతి క్రమంగా తగ్గిపోతుంది. ఆ పెంపకం గదికి ఏళ్ల తరబడి ఆవిడే పెద్ద. పనివాళ్లు చాటున తనను 'ఈగలమ్మ' అంటారని తెలిసి కూడా లోలోపల మురిసిపోయేది.

అలాంటి గదిలో ఈగలు పిల్లల్ని కనడం మానేశాయి. ఇలాగే ఉంటే గది మూతపడక తప్పదు. అదే భవనంలో మైక్రోస్కోపు పని చేసే కోడలు ఒక ఈగను కోసి చూసి, అత్తగారిని పిలిచింది.

"చూడండత్తయ్యా, లాలాజల గ్రంథులు ఎలా ఉబ్బిపోయాయో. వైరస్. ఇది పట్టిన ఆడ ఈగ ఇక కనదు."

"ఎలా వచ్చిందే? బయటి ఈగను ఒక్కదాన్ని గడప తొక్కనివ్వలేదే!"

కోడలు గొంతు తగ్గించింది. "ఎంగిలితో, అత్తయ్యా."

అత్తగారికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. వెచ్చటి నెత్తురు పళ్ళెం మీద పల్చటి రబ్బరు పొర పరుస్తారు. పైన పెట్టిన జాలీపెట్టెలోని ఈగలు ఆ పొరను గుచ్చి తాగుతాయి, తాగుతూ ఉమ్ముతాయి. ఒక పెట్టె తాగాక ఆ పళ్ళేన్నే తర్వాతి పెట్టె కిందికి జరిపించేది ఆవిడ, చుక్క కూడా వృథా కాకూడదని. ఇంట్లో ఒకరు కొరికిన పండు ఇంకొకరి నోట పడనివ్వని మనిషి, ఇక్కడ వేల నోళ్లకు ఎంగిలి పెట్టింది.

పరిశోధనశాల పెద్ద డాక్టరు వచ్చి చూసి తేల్చి చెప్పేశాడు. రోజూ పళ్ళెం మొదట అందుకునే పెట్టె ఒక్కటే శుభ్రంగా ఉంది. దాంతోనే మళ్లీ మొదలుపెట్టాలి. మిగతావన్నీ ఈ పూటే ఫ్రీజరులోకి.

కోడలు చేతి తొడుగులు వేసుకుంది. "మీరు ఇంటికెళ్లండత్తయ్యా. నేను చూసుకుంటాగా."

"నువ్వు పక్కకుండమ్మా. పెంచినదాన్ని నేను."

ఆవిడ ఫ్రీజరు దగ్గరికి వెళ్లలేదు. కొత్త నెత్తురు సీసాలు తీసి వెచ్చబెట్టింది. కడిగిన పళ్ళేలన్నీ దించి, పెట్టెకొకటి చొప్పున పరిచింది.

"చచ్చేవాటికి ఇంత నెత్తురా, అత్తయ్యా?"

"ఇన్నాళ్లూ ఎంగిలే పెట్టాను. ఈ ఒక్క పూటైనా దేని పళ్ళెం దానికి పెట్టనీ."

కోడలు ఇంకో సీసా అందుకుని మూత తీసింది.