నాలుగు మూలల సాక్షులు

ముంజియా తన ఇంట్లోకి నిటారుగా నడిచి వెళ్లి పదకొండేళ్లయింది. సముద్రం గడప దాటిన ప్రతిసారీ తమ తీరపు ఊరు కాలిసురుత్‌లో అందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. పడవలో మట్టి తెప్పించి, ఇంట్లో పోయించి, నేల ఎత్తు పెంచింది. ఒకసారి కాదు, ఏడుసార్లు. నేల పైకొచ్చింది గానీ కప్పు ఉన్నచోటే ఉండిపోయింది. ఇప్పుడు కిటికీ మోకాలి దగ్గర ఉంది, ద్వారం ఛాతీ ఎత్తుకు దిగింది. మొగుడు మస్రుహాన్ పొడగరి. పీతల బుట్ట చేతపట్టుకుని లోపలికి దూరుతూ రోజూ ఒకటే మాట అంటాడు.

"అల్లుడికి మర్యాద చేస్తారని విన్నాను. మీ నాన్న ఇల్లు మాత్రం నా చేత పూటపూటా దణ్ణం పెట్టించుకుంటోందే!"

ఆ హాస్యానికి ముంజియా నవ్వడం మానేసి చాలాకాలమైంది.

ఆ ఇంటి చుట్టూ ఒకప్పుడు మల్లెతోట. తర్వాత అది రొయ్యల చెరువైంది, ఆ తర్వాత నీళ్లు. ఊళ్లో రెండొందల ఇళ్లుండేవి, ఇప్పుడు పొయ్యి వెలిగేవి పంతొమ్మిది. మిగతావాళ్లు తలుపులూ, పెంకులూ, దూలాలూ ఊడదీసుకుని లోపలి ఊళ్లకు పోయారు. గోడలు మాత్రం నీళ్లలో నిలబడి ఉన్నాయి, వాటికి ఆలుచిప్పలు పట్టాయి.

ముంజియా పోలేదు. పోవడానికి చోటు కొనాలి, కొనడానికి ఇది అమ్మాలి. సముద్రాన్ని ఎవరు కొంటారు? కానీ ఆమె దగ్గర పట్టా ఉంది. ఆకుపచ్చ అట్టపుస్తకం, తండ్రి పేరు కొట్టేసి అధికారులు తన పేరు రాసిచ్చారు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బిస్కట్ల రేకు డబ్బాలో అడుగున పెట్టి, పైన బియ్యపు వడియాలు పోసి, కప్పు వాసానికి కట్టింది. అది ఉన్నంతవరకు తనది ఇల్లే అని ఆమె నమ్మకం.

పట్టా ఒక్కటే కాదు, ఆమె దగ్గర ఇంకో బలం కూడా ఉంది. అవి చెట్లు.

తొమ్మిదేళ్ల కిందట ప్రభుత్వంవాళ్లు మడ మొక్కలు తెచ్చి, కూలి ఇచ్చి ఊరివాళ్లచేత సముద్రం అంచున నాటించారు. మిగిలిన మొక్కలు గట్టున పడేసి పోతుంటే ముంజియా నాలుగు బుట్టలు ఇంటికి మోసుకొచ్చింది. అప్పటికి ఆమె హద్దుకు పాతిన వెదురు గుంజలు ఏటా కుళ్లిపోయేవి. వాటి స్థానంలో, పాటు దిగి సముద్రం వెనక్కి తగ్గిన పూటల్లో నడుంలోతు బురదలో నిలబడి, తాడు పట్టి, నాలుగు వైపులా మడ మొక్కలు నాటింది. తూర్పు ఇంటి జులైకా ముక్కున వేలేసుకుంది.

"సముద్రానికి దడి కడుతున్నావా వదినా? లోపల ఏం మేపుతావు, చేపల్నా?"

"నవ్వు, నవ్వు. రేపు నీ హద్దెక్కడని ఎవరైనా అడిగితే నీళ్లను చూపిస్తావా?" అంది ముంజియా.

మొక్కలు చెట్లయ్యాయి. వాటి కాయలు రాలి లోపలంతా మొలిచాయి. వేళ్ల మధ్య బురద ఆగింది. పాటు బాగా దిగిన రోజున పెరట్లో అరికాలికి గట్టినేల తగిలేది. ముంజియా ఆ నేల మీద కాసేపు ఊరికే నిలబడేది. జులైకా మాత్రం ఏమీ నాటలేదు, ఏమీ పెంచలేదు, మూడేళ్ల కిందట పెంకులు అమ్ముకుని లోపలి ఊరికి పోయింది.

ఇప్పుడు ఊళ్లో కొత్త మాట పుట్టింది. సముద్రానికి అడ్డంగా పెద్ద కట్ట వేస్తారట, ఈ ఊరి స్థలాలకు డబ్బు ఇస్తారట. పట్టా ఉండి, హద్దు చూపించగలిగితే చాలట. ఆ రాత్రి ముంజియాకు నిద్రపడితే ఒట్టు. జులైకా అద్దెకుండే ఊళ్లో, వెదురు పొద పక్కన చిన్న చోటు అమ్మకానికుంది. వర్షమొస్తే తడవడం తప్ప ఇంకే నీటి భయమూ లేని నేల. ఉపవాసాల నెల దాకా ఆగుతానని దాని యజమాని మాటిచ్చాడు.

ఒకటే చిక్కు. కొలతల రోజున నాలుగు వైపుల పొరుగువాళ్లూ వచ్చి తమ హద్దు దగ్గర నిలబడాలి. అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, ఎవరూ మార్చలేరు. ముంజియా కాళ్లకు చక్రాలు కట్టుకుంది. పడవలో, బస్సులో తిరిగి జులైకాను ఒప్పించింది. పడమటి ఇంటి న్గాతిమాన్ ఇప్పుడు పట్నంలో బస్సు కండక్టరు. ఒకరోజు జీతం పోతుందని గొణిగితే, ఎండు నెత్తళ్ల సంచి చేతిలో పెట్టి నోరు మూయించింది. ఉత్తరాన వీధి ఉండేది, దాని తరఫున గ్రామపెద్ద వస్తానన్నాడు. దక్షిణాన సమాధుల స్థలం. అదీ నీళ్లలోనే ఉంది.

"అటువైపు ఎవరే సాక్షి?" అన్నాడు మస్రుహాన్. "మీ నాన్న లేచి నిలబడతాడా? బతికున్నప్పుడే పిలిస్తే పలికేవాడు కాదు."

"నీ నోరు పడ!" అని తిట్టింది గానీ, చివరికి మసీదు చూసుకునే ఖోలిల్ తాతను బతిమాలింది.

ఆ రోజు పొద్దున పాటు బాగా దిగింది. నలుగురూ నాలుగు వైపుల నీళ్లలో నిలబడ్డారు. జులైకా లుంగీ తొడలదాకా ఎగ్గట్టి, "పీతలు కుడుతున్నాయి వదినా, నా కాలికి కూడా ధర కట్టించు" అని అరిచింది. ఖోలిల్ తాత సమాధుల వైపు తిరిగి ఏదో చదువుకున్నాడు. కొలతల అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. బురదలో బూట్లు కూరుకుపోతున్నా విసుక్కోలేదు. యంత్రం పెట్టి ఒక్కో మూలా చూశాడు, పట్టా చూశాడు, మళ్లీ యంత్రం చూశాడు.

"జానెడు కూడా తేడా లేదమ్మా! ఈ ఊళ్లో ఇంత కచ్చితమైన హద్దు ఇదే మొదటిసారి చూడటం."

ముంజియా గుండె నిండిపోయింది. తొమ్మిదేళ్లుగా నవ్వినవాళ్లంతా అక్కడే నిలబడి విన్నారు, అంతకంటే ఏం కావాలి?

అధికారి కాగితం మీద కలం ఆపి, "ఈ చెట్లు వాటంతటవే మొలిచాయా, ఎవరైనా నాటారా?" అని అడిగాడు.

"నేనే నాటాను సార్! ప్రభుత్వంవాళ్లిచ్చిన మొక్కలే. ఒక్కటి చావనివ్వలేదు" అంది ముంజియా.

అతను రాసుకున్నాడు. రాశాక గానీ చెప్పలేదు. చెప్పేటప్పుడు ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు.

డబ్బు ఇచ్చేది మునిగిపోయిన నేలకేనట. నేల పోయినవాళ్లకు ఓదార్పుగా ఇచ్చేదట. జులైకా స్థలం పూర్తిగా నీళ్లే, కాబట్టి ఆమెకు వస్తుంది. న్గాతిమాన్‌కూ వస్తుంది. మరి ముంజియా పెరడు మునిగినట్టు లెక్క కాదు, అందులో అడవి ఉంది. ప్రభుత్వం మొక్కలతో పెరిగిన మడ ఎక్కడుంటే అక్కడ తీరపు అడవి కింద లెక్క, అది ప్రభుత్వానిది. ఒక్క కొమ్మ కొట్టినా కేసే. ఇక ఇంటి కింది నేల ఆమెదే. కానీ అది మునగలేదు కదా, ఏడుసార్లు ఎత్తు పెంచారు కదా, దానికీ ఏమీ రాదు.

"అంటే, మునగనిచ్చి ఉంటే ఇచ్చేవాళ్లా?" అంది ముంజియా.

"రూలు అలా ఉందమ్మా."

జులైకా నీళ్లలోంచి వచ్చి ఆమె మోచేయి పట్టుకుంది. ముంజియా చెయ్యి విదిలించుకుంది. జులైకా ఏ పాపమూ చెయ్యలేదని ఆమెకు తెలుసు, అయినా ఆ క్షణాన ఆమెను చూస్తే ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం మస్రుహాన్ కత్తి నూరాడు.

"కేసు పెడితే పెట్టనీ. జైల్లో నేల పొడిగా ఉంటుంది, నిటారుగా కూడా నిలబడొచ్చు."

మొదటి చెట్టు దగ్గరికి అతనితో పాటు ముంజియా కూడా వెళ్లింది. పోటు ఎక్కుతోంది. పక్కనున్న జులైకా గోడలకు అలలు దబదబా కొట్టుకుంటున్నాయి. వాళ్ల పెరట్లో మాత్రం అవి వేళ్లలో చిక్కి మెత్తబడి, చప్పుడు లేకుండా గడప దగ్గరికి వస్తున్నాయి. ఈ చెట్లు లేకపోతే ఆ ఏడు పొరల మట్టీ ఒక్క వానాకాలంలో కొట్టుకుపోతుంది.

"వద్దులే. ఇంట్లోకి రా" అంది.

మస్రుహాన్ వెనక్కి వచ్చి అదే కత్తితో చేపలు కోశాడు.

ఉపవాసాలకు ముందు జులైకా పంచదార పొట్లం పట్టుకుని వచ్చింది. వెదురు పొద పక్క చోటు తానే కొన్నానని చెప్పడానికి ఆమెకు రెండు గ్లాసుల టీ పట్టింది. "ఇంకెవరో ఎగరేసుకుపోతారని వదినా... కావాలంటే మీరొచ్చి వెనక వసారాలో ఉండండి" అంది. "మంచి చోటు. మెరకగా ఉంటుంది" అంది ముంజియా, నిజంగానే.

పండగ వెళ్లిన వారానికి గ్రామపెద్ద పడవలో వచ్చాడు, వెంట అదే కుర్ర అధికారి. చెట్ల స్థలానికి ప్రభుత్వం పేర పట్టా రాస్తున్నారు, మళ్లీ కొలవాలి.

"ఏమనుకోకమ్మా ముంజియా" అన్నాడు గ్రామపెద్ద తల గోక్కుంటూ. "పొరుగువాళ్లు సాక్షులుగా నిలబడాలి కదా. మిగతావాళ్లు డబ్బు తీసుకుని స్థలాలు వదులుకున్నారు, చుట్టుపక్కల ఇంకెవరున్నారు చెప్పు, నువ్వు తప్ప?"

"ఇంకేం కావాలయ్యా మీకు?" అంటూ మస్రుహాన్ లేచాడు. లేవడంలో తల దూలానికి కొట్టుకుంది. ముంజియా అతన్ని కూర్చోబెట్టింది. రానంటే రేపు ఇంకెవరినో తెచ్చి నిలబెడతారు, వాళ్లకు హద్దు తెలియదు. తప్పు కొలతలు వేస్తే తన గడప కూడా అటువైపు పోతుంది. తలగుడ్డ సర్దుకుని, వంగి బయటికొచ్చి నీళ్లలోకి దిగింది.

ఒక మూల నిలబడింది. యంత్రం చూశారు, రాసుకున్నారు. రెండో మూలకు నడిచింది, మూడో మూలకు నడిచింది. నాలుగోది సమాధుల వైపుది, తండ్రి మల్లెలు కోసుకునే మూల. అక్కడ మాత్రం నీళ్ల అడుగున కాలికి గట్టిగా నేల తగిలింది. ఆమె అక్కడ నిలబడింది.

అధికారి యంత్రంలోంచి తల ఎత్తి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"కాస్త ఇవతలికి జరగండమ్మా. మీరు మా స్థలంలో నిలబడ్డారు."

ముంజియా జరిగింది.