ముంపు ఊళ్ల సంపుటం

పాత ప్రభుత్వ ప్రచురణల విభాగంలో పొద్దున్నే మొదటి పని కిటికీలు తెరవడం. ఏ పుస్తకం తెరిచినా ఆ కాలపు గాలీ చప్పుళ్లూ బయటికొచ్చేస్తాయి కదా, మూసిన గదిలో ఊపిరాడదు. కరువు నివేదిక అడిగినవాళ్లకు లైబ్రేరియన్ ముందే గ్లాసుడు మంచినీళ్లిచ్చేది. వరదల సంపుటమైతే చెప్పులు బయట విప్పి రమ్మనేది. పరిశోధన విద్యార్థులు జనాభా లెక్కలు తిరగేస్తుంటే గదంతా సంతగోల. "కాస్త మెల్లగా తిప్పండి బాబూ!" అని కసురుకునేది.

ఒక బుధవారం కుట్టుపని చేసే పెద్దావిడ ఒకామె వచ్చింది. అందరూ ఆమెను దొరికినమ్మ అంటారు. ఆనకట్ట కోసం లోయలోని ఊళ్లు ఖాళీ చేయించిన రోజున, ఒక లారీలో నాలుగేళ్ల పిల్ల ఒంటరిగా కనిపిస్తే ఎవరో దర్జీ తెచ్చి పెంచుకున్నాడు.

"నిర్వాసితులకు ఇళ్ల స్థలాలిస్తున్నారు. మీదే ఊరని అడుగుతున్నారు. ఏం చెప్పను తల్లీ? శుక్రవారమే గడువు."

"స్థలం కోసమేనా పెద్దమ్మా?"

దొరికినమ్మ కొంగు సర్దుకుంది. "వస్తే మంచిదే. కానీ అరవై రెండేళ్లొచ్చాయి. మావాళ్లు నన్ను వెతికారో, వదిలించుకున్నారో తెలీకుండానే పోతానేమోనని బెంగ."

లైబ్రేరియన్ తరలింపు నివేదిక తెచ్చింది. నలభై ఒక్క ఊళ్లు. మొదటి ఊరి పేజీ తెరిస్తే గానుగ కిర్రుమంది. రెండోదాంట్లో మగ్గాలు ఆడాయి. మూడోదాంట్లో కుక్కలు తప్ప మనుషుల్లేరు. ప్రతిసారీ దొరికినమ్మ తల అడ్డంగా ఊపింది. మధ్యాహ్నం దాటినా లైబ్రేరియన్ క్యారియర్ మూత తియ్యలేదు.

"రేపు చూద్దామా?"

"రేపటిదాకా నా ప్రాణం ఆగదమ్మా."

ఇరవై ఏడో ఊరి పేజీలోంచి లారీల పొగ వచ్చింది. వెనకే ఒక ఆడగొంతు. "ఒసేయ్ చిట్టిబుర్రా! ఎక్కడున్నావే? మీరెళ్లండయ్యా, నా పిల్ల కనిపించందే నేనెక్కను!"

దొరికినమ్మ లేచి నిలబడింది. "ముందు లారీలో ఉన్నానమ్మా," అంది పేజీతో. "ముందు లారీలో."

లైబ్రేరియన్ ముక్కు తుడుచుకుని కుటుంబాల జాబితా మీద వేలు పెట్టింది. కూతురు కనబడలేదని రాసి ఉన్న ఇల్లు ఆ ఊళ్లో ఒక్కటే. తల్లి, తండ్రి, తొమ్మిదేళ్ల కొడుకు. వాళ్లను ఏ కాలనీకి పంపారో కూడా ఉంది. దొరికినమ్మ అక్కడ రాసి ఉన్న తన అసలు పేరును రెండుసార్లు పలికి చూసుకుంది.

మర్నాడు దొరికినమ్మను పక్కన కూర్చోబెట్టుకుని లైబ్రేరియన్ ఆ కాలనీ పోస్టాఫీసుకి ఫోన్ చేసింది. అరగంటకు ఒక ముసలాయన లైన్లోకొచ్చాడు. సంగతంతా విని, చెల్లెలికి ఫోనివ్వమన్నాడు.

"ఆ లారీలో దాక్కోమంది నేనే," అన్నాడు. "అమ్మ కొడుతుందని చెప్పలేదు. తర్వాత... చెప్పే ధైర్యం రాలేదు. ఆవిడ పోయేదాకా గుమ్మంలోనే కూర్చునేది."

దొరికినమ్మ కళ్లు మూసుకుంది. కోపం రావాలి కాబోలు. రాలేదు.

"తొమ్మిదేళ్లవాడివి, నీకేం తెలుసులే అన్నయ్యా," అంది. "రేపు పొద్దున్న మొదటి బస్సుకొచ్చెయ్."

శుక్రవారం ఇద్దరూ స్థలాలిచ్చే కార్యాలయానికి వెళ్లారు. "మీదే ఊరమ్మా?" అన్నాడు గుమాస్తా. అన్నయ్య ఠక్కున చెప్పేశాడు.

"ఉండరా, నన్ను చెప్పనీ," అని కసిరి, ముందుకు వంగి, ఒక్కో అక్షరమూ నిదానంగా తనే చెప్పింది.