వ్యాగన్ మీద సున్నం

బొగ్గు రైళ్లు ఆగే పాత స్టేషన్ ఉన్న చోట, నది ఒడ్డునే ఇప్పుడు పార్కు వేశారు. గుర్తుగా ఒక వ్యాగన్ నిలబెట్టి, దాని నిండా బొగ్గు పోశారు. ఆ బొగ్గు తరిగిపోతోంది.

"మీ బస్తీలోళ్లే ఎత్తుకపోతున్నరు," అన్నాడు వాచ్‌మన్ పోశెట్టి, వాకింగ్‌కు వచ్చినవాళ్లందరి ముందు నాతో.

నాకు ఒళ్లు మండింది. ఆ స్టేషన్లో మా అమ్మా నేనూ గంపలతో బొగ్గు ఎత్తాం. వ్యాగన్ నిండాక పైన సున్నం నీళ్లు చల్లడం నా పని. దారిలో ఎవరైనా బొగ్గు తీస్తే, ఆ తెలుపు మధ్య నల్లటి గుంత కనబడేది. సున్నం చల్లందే బండి కదిలేది కాదు.

మర్నాడు బకెట్ నిండా సున్నం కలిపి తీసుకెళ్లాను.

"అత్తమ్మా, గీ వయసుల ఎక్కుడేంది?" అని కోడలు మెర్లిన్ నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను గాదు, నిచ్చెన పట్టుకో."

బొగ్గంతా తెల్లబడే దాకా చల్లాను. ముసలిదాని ముచ్చట అనుకుని పోశెట్టి నవ్వాడు.

రెండు రోజులకు ఆ తెలుపు మధ్య గుంత పడింది. కింద రాలిన సున్నం జాడ పట్టుకుని నేను నేరుగా గేటు దగ్గరి పోశెట్టి గదికి వెళ్లాను. లోపల కుంపటి మీద చాయ్ మరుగుతోంది. పక్కన గంపలో సున్నం అంటిన బొగ్గు ఉంది. అతను తల దించుకున్నాడు.

"సాహెబ్‌కు చెప్పకమ్మా," అన్నాడు.

"చెప్ప. గంప నెత్తిన పెట్టుకో. వాకింగోళ్లు వచ్చే యాళ్లయింది. నన్ను అందరి ముందట అన్నవు, అందరి ముందటనే ఎక్కి పోసి రా. నిచ్చెన నేను పట్టుకుంట."